ముట్టని పళ్లెం

తెల్లాయన బీరు ఒక్క గుక్క తాగాడు. మరుక్షణం సీసా వదిలేశాడు.

నోరు మండిపోతోందన్నాడు. రెండు చేతులతో పెదాలు పట్టుకున్నాడు. కుర్చీతో సహా ఇసకలో పడి, అక్కడే కక్కుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం. మార్టెల్ బేలో శనివారం మధ్యాహ్నం ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఊరు ఊరంతా సముద్రపు ఒడ్డున ఎస్మే పాక హోటల్లోనే ఉంటుంది. కాబట్టి ఆయన పడటం ఊరంతా చూసింది.

పోలీసు స్టేషను రోడ్డుకి అవతలే. సార్జెంట్ లైనెల్ గిట్టెన్స్ పరుగున వచ్చాడు. వెనకాలే కానిస్టేబుల్ వెరోనా.

గిట్టెన్స్‌ది బార్బడోస్. ఆంటిగ్వాకి కాంట్రాక్టు మీద వచ్చి రెండేళ్లయింది. చురుకైనవాడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. ఈ దీవిలో కేసులు నత్తనడక నడుస్తాయనీ, తను వచ్చాకే పరుగు నేర్చుకున్నాయనీ అతని నమ్మకం.

ఇక్కడ ఎవరి గడపలో అడుగుపెట్టినా ముందు "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనాలి. దొంగైనా అనాలి, దొంగను పట్టుకునేవాడైనా అనాలి. అనకపోతే మనిషి కింద లెక్కకట్టరు.

గిట్టెన్స్ ఆ రోజు అనలేదు.

"ఎవరూ కదలకండి" అన్నాడు.

పడిపోయినాయన పేరు హ్యూ టాలిస్. ఇంగ్లండు నుంచి సెలవులకి వచ్చాడు. భార్య జూడిత్ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వేలు నేరుగా బార్ వైపు చూపించింది. అక్కడ ఎస్మే కొడుకు డెల్‌రాయ్ నిలబడి ఉన్నాడు.

"బీరులో ఏదో కలిపాడు. మా ఆయన్ని తినేసేలా చూశాడు."

దానికో కారణముంది. అంతకు కాసేపటి ముందు టాలిస్ వచ్చి కూర్చుని, వేళ్లు చిటికేసి, రెండు బీర్లు, ఒక చేపల పళ్లెం తెమ్మన్నాడు. డెల్‌రాయ్ కదల్లేదు. పొయ్యి దగ్గర్నుంచి ఎస్మే "గుడ్ ఆఫ్టర్‌నూన్ నాయనా" అంది. టాలిస్ మళ్లీ బీరే అడిగాడు. ఎస్మే మళ్లీ గుడ్ ఆఫ్టర్‌నూనే చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. చివరికి ఆ మాట గొణిగాడు. బీరు బల్లమీద పెడుతూ డెల్‌రాయ్, "చూశారా, ఒక్క మాటకి ప్రాణమేం పోలేదు" అన్నాడట.

అంబులెన్స్ టాలిస్‌ని తీసుకుపోయింది. ఆ మాట మాత్రం పాకలోనే మిగిలింది. గిట్టెన్స్ దాన్ని పట్టుకున్నాడు.

"సీసా ఎవరు తెరిచారు?"

"నేనే సార్."

"ఎక్కడ?"

"ఆయన ముందే."

"ఆయన చూశాడా?"

"సముద్రంకేసి చూస్తున్నాడు సార్."

"ఆయన భార్య?"

"ఫోన్లో ఉందావిడ."

"అంటే మూత తీయడం ఎవరూ చూడలేదు."

"ఇంతమంది ఉన్నారు కదా సార్."

"నేనడిగింది మూత గురించి."



గిట్టెన్స్ బార్ కింద వంగి చూశాడు. గిన్నెలు కడిగే తొట్టి. దాని పక్కన సగం వాడిన బ్లీచ్ డబ్బా. అతని కళ్లు మెరిశాయి. అందరి వంటగదుల్లోనూ బ్లీచ్ ఉంటుందని అతనికి తెలీక కాదు. తెలిసినా ఆ క్షణాన గుర్తుండలేదు.

సీసా, డబ్బా, మిగిలిన బీరు అన్నీ సంచుల్లోకి ఎక్కాయి. తర్వాత వంట మీదకి వెళ్లాడు. ప్రతి గిన్నెలోంచీ కొంచెం తీసి లాబ్‌కి పంపి, మిగతాదంతా పారబోయమన్నాడు.

ఎస్మేకి అరవై దాటాయి. పొద్దున్నే లేచి స్నాపర్ చేపలు తోమి, మొక్కజొన్న పిండి తిప్పి ఫంగీ ముద్దలు కట్టి, కూర దించి ఇంకా చెమట కూడా తుడుచుకోలేదు.

"సార్జెంటు బాబూ, ఆయన నా వంట ముట్టనైనా ముట్టలేదు. పళ్లెం చూడు" అంది.

గిట్టెన్స్ చూశాడు. బల్లమీద చేప నిండుగానే ఉంది. నిమ్మ ముక్క పిండలేదు. ఫోర్కుకి చుట్టిన కాగితం కూడా విప్పలేదు.

"లాబ్ చెబుతుందమ్మా" అన్నాడు.

ఇసకలో గొయ్యి తవ్వించాడు. కానిస్టేబుల్ వెరోనా గిన్నె ఎత్తబోతే ఎస్మే ముట్టనివ్వలేదు. తన గిన్నెలు తనే మోసుకెళ్లి తనే వంపింది. ఊరంతా చూస్తుండగా. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. చివరి గిన్నె వంపాక ఆవిడ పైట కొంగులాంటి ఏప్రన్‌తో మొహం కప్పుకుని పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఆ వీపు చూసి చాలామంది తల దించుకున్నారు. గిట్టెన్స్ దించలేదు. డెల్‌రాయ్‌ని జీపెక్కిస్తున్నాడు.

టాలిస్ చనిపోతే అది హత్య. బతికితే హత్యాయత్నం. ఎటు చూసినా డెల్‌రాయ్‌కి జైలే. ఎటు చూసినా ఆ పాక మూతే. అప్పటికే టాక్సీ డ్రైవర్లు ఓడ దిగిన టూరిస్టులకి చెప్పేస్తున్నారు, ఎస్మే దగ్గరికి మాత్రం వెళ్లకండని.

సాయంత్రం అవుతుండగా గిట్టెన్స్ ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టర్ మెల్బా హెన్రీ వార్డు బయటే ఎదురైంది. గట్టి మనిషి. మాటలు లెక్కపెట్టి వాడుతుంది.

"ప్రాణానికేం ఫర్వాలేదు" అంది. "కానీ మీ బ్లీచ్ కథ నిలవదు."

"ఎందుకని?"

"బ్లీచ్ తాగిన నోరు పొక్కుతుంది. ఈయన నోట్లో చిన్న పుండు కూడా లేదు. రండి, ఒకటి చూపిస్తాను."

లోపలికి తీసుకెళ్లింది. నర్సు ఒక ఐసు ముక్క టాలిస్ చేతికి తాకించింది. ఆయన నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. పక్కన కప్పులో పొగలు కక్కుతున్న టీ ఉంది. అది చల్లారిపోయిందని ఆయన ఫిర్యాదు.

"మీరు ఈ దీవి మనిషి కాదు కదూ సార్జెంట్ గారూ?"

"కాదు. బార్బడోస్."

"అందుకే తెలీలేదు. ఇది చేప విషం. ఈ ఉత్తరాది దీవుల చుట్టూ రాతి గట్లలో తిరిగే పెద్ద చేపల ఒంట్లో చేరుతుంది. బారకూడాలో మరీ ఎక్కువ. ఉడికించినా పోదు, వేయించినా పోదు. అది ఒంట్లో పడితే చల్లనిది మంటగా తెలుస్తుంది. బీరులో ఏమీ లేదు. అది చల్లగా ఉండటమే దాని తప్పు."

"అంటే ఎస్మే చేప..."

"ఎస్మే చేప ఆయన తిన్నాడా?"

 కాగితం విప్పని ఫోర్కు గిట్టెన్స్ కళ్లముందు ఆడింది.

"ఈ విషం గంటలు తీసుకుంటుంది, ఒక్కోసారి రోజంతా. నిన్న తిన్నదేదో చూడండి" అంది డాక్టర్. "ఒకటి మాత్రం ఖాయం. వండినవాళ్లు ఇక్కడివాళ్లు కారు. ఇక్కడ పెద్ద బారకూడా పడితే పిల్లికి కూడా పెట్టరు."

"మా వైపు ఆ చేపలో ఏ దోషమూ లేదండీ. వారానికి రెండుసార్లు..." అంటూ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు గిట్టెన్స్.

నడవాలో వాటర్ కూలర్ ఉంది. కప్పు నిండా చల్లటి నీళ్లు పట్టి పెదాలకి తాకించుకున్నాడు. సూదులు గుచ్చినట్టయింది. పొద్దున మొహం కడుక్కున్నప్పుడు కూడా అరచేతులు చురుక్కుమన్నాయి. మిరపకాయ కారం అనుకుని వదిలేశాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, ఊరి నుంచి వచ్చిన అమ్మ దాచిన చిన్న చేపముక్క తిని పడుకున్నాడు మరి.

జూడిత్ బెంచీ మీద కూర్చుని ఉంది. అతను ఆవిడ పక్కన కూర్చున్నాడు. 

"నిన్న సాయంత్రం ఎక్కడ తిన్నారు?"

"నేను చేపలు తినను. మా ఆయన మాత్రం ఒకచోట తిన్నారు. హోటల్ కాదు, ఇల్లు. సరదాగా సందుల్లో నడుస్తుంటే కంచె అవతల ఒక పెద్దావిడ చేప వేయిస్తోంది. వాసన బాగుందన్నాం. లోపలికి రమ్మని కూర్చోబెట్టింది. డబ్బిస్తే తీసుకోలేదు. అచ్చం మా అమ్మలాగ."

"ఏం పెట్టింది?"

"చేప గుడ్లు. కొడుక్కి ఇష్టమని దాచిందట. ఇంటికొచ్చినవాళ్లకి పెట్టకుండా ఎలాగని తీసిచ్చేసింది. ఈయన మొత్తం తినేశారు."

"ఆ ఇల్లు ఎలా ఉంది?"

"నీలం కంచె." ఆవిడ ఆలోచించింది. అప్పుడు ఆవిడ చూపు అతని భుజం మీద, మూడు సార్జెంటు పట్టీల దగ్గర ఆగింది. "తీగ మీద చొక్కాలు ఆరేసి ఉన్నాయి. ఇదిగో, అచ్చం ఇలాంటి చొక్కాలే."

ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. అతనికి అర్థమైంది.

జీపులో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు గిట్టెన్స్. సిగ్గు మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. గురువారం జెట్టీ మీద జాలరి కత్బర్ట్ ఒక పొడుగాటి బారకూడాని ఎరల బుట్టలోకి విసిరేస్తుంటే, తనే ఆపి అడిగాడు. ఇది తినేది కాదు సార్, అన్నాడు కత్బర్ట్. గిట్టెన్స్ పడీ పడీ నవ్వాడు. మీకు తినడం కూడా రాదు, బార్బడోస్‌లో దీన్ని పండగలా తింటాం అన్నాడు. మూడు వారాల కిందట కొడుకుని చూడ్డానికి వచ్చిన అమ్మకి ఆ చేప తీసుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ మురిసిపోయింది.

ఇంటికెళ్తే ఆవిడ మంచం మీద పడుకుని ఉంది. పొద్దున్నుంచీ అలాగే ఉంది. అడిగితే ఎండ దెబ్బ అంది. అతను రెండోసారి అడగనైనా అడగలేదు. స్టేషనుకి పరుగెత్తాడు.

"ఒరే లైనెల్, కుళాయి నీళ్లు తగిలితే చీమలు కుట్టినట్టుందిరా. ముసలితనం అనుకుంటా."

"ముసలితనం కాదమ్మా."

చెప్పాడు. ఆవిడ లేచి కూర్చుంది. తన చేతుల్ని చూసుకుంది. యాభై ఏళ్లు ఎందరికో వండి పెట్టిన చేతులు.

"నా చేత్తో పెట్టానే. ఆకలేస్తే ఇంకొంచెం తిను బాబూ అని బతిమాలి పెట్టానే."

"నీ తప్పేంలేదు. తెచ్చింది నేను."

"ఆ కుర్రాణ్ణి వదిలేశావా?"

"ఇప్పుడెళ్లి వదిలేస్తాను. లాబ్‌లో ఏమీ రాలేదని చెప్తే కేసు మూసేయొచ్చు. ఎక్కడో తిన్న చేప, ఎవరు వండారో తెలీదు. ఎవరూ ఇంకేం అడగరు."

ఆ మాట అన్నాక అతనికే అసహ్యం వేసింది. అయినా అన్నాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. కాంట్రాక్టు పొడిగింపు గుర్తొచ్చింది. జెట్టీ మీద కత్బర్ట్ ఎలా నవ్వుతాడో కళ్లకి కట్టింది.

తల్లి అతని మొహంలోకి చూడలేదు. "పదిమందిలో పట్టుకెళ్లి, చాటుగా వదులుతావా?" అంది. "ఆవిడ గిన్నెలు చాటుగా పారబోశావా?"

ఆ రాత్రి డాక్టర్ మెల్బా గిట్టెన్స్ తల్లిని ఆస్పత్రిలో ఉంచుకుంది. డెల్‌రాయ్ ఇంటికెళ్లాడు. సార్జెంటు ఏదో చెబుతుంటే వినకుండా, తల తిప్పకుండా వెళ్లాడు.

ఆదివారం. చర్చి అయ్యాక గిట్టెన్స్ అందర్నీ ఎస్మే పాక దగ్గరికి రమ్మన్నాడు. ఎస్మే, డెల్‌రాయ్, జూడిత్, డాక్టర్, జాలరి కత్బర్ట్, కానిస్టేబుల్ వెరోనా. పిలవని ఊరు కూడా వచ్చింది. దోషి పేరు వినడమంటే ఎవరికి ఆసక్తి ఉండదు. చర్చి బట్టల్లోనే నిలబడ్డారు. ఖాళీ బల్లల చుట్టూ, కూర్చోకుండా.

అతను టోపీ తీశాడు. అందరికీ గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పాడు. కొందరు బదులిచ్చారు. ఎస్మే ఇవ్వలేదు.

"నిన్న ఇక్కడ ఎవరూ బీరులో ఏమీ కలపలేదు. మొదటి ఆధారం ఈ బల్ల మీదే ఉంది. పళ్లెం నిండుగా ఉంది. తిననివాడికి ఆ తిండి ఎలా చేటు చేస్తుంది? ఎస్మే గారు అదే మాట నాతో చెప్పారు. నేను చూశాను. చూసి కూడా గిన్నెలు పారబోయించాను."

చేప విషం సంగతి చెప్పాడు. ఐసు ముక్క సంగతి చెప్పాడు. జనంలో కలకలం రేగింది. బారకూడానా అన్నారు. ఎవడు వండాడు ఆ తెలివితక్కువవాడు అన్నారు. నవ్వులు కూడా వినపడ్డాయి.

"ఇక్కడివాళ్లెవరూ వండరు. కాబట్టి వండింది బయటివాళ్లే. దక్షిణాన ఆ చేప మంచిదే. అక్కణ్ణుంచి వచ్చిన మనిషి ఇక్కడా మంచిదే అనుకుంటాడు. ఎవరైనా చెప్పినా వినడు. తనకే తెలుసనుకుంటాడు." గిట్టెన్స్ కత్బర్ట్ వైపు తిరిగాడు. "గురువారం మీ బుట్టలోంచి ఆ చేప అడిగి తీసుకున్నదెవరు?"

కత్బర్ట్ ముసలివాడు. ఎన్నాళ్లనుంచో ఈ సార్జెంటుని చూసి నవ్వాలని ఎదురుచూస్తున్నవాడే. ఇప్పుడు నవ్వలేదు. నేల చూపులు చూస్తూ, "మీరే చెప్పండి సార్" అన్నాడు.

"నేనే. వండింది మా అమ్మ. ఆవిడకి తెలీదు. నాకు చెప్పారు, నేను నవ్వాను."

జూడిత్ అతని భుజం మీది పట్టీల వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

 సముద్రం తన పని తను చేసుకుంటోంది. గిట్టెన్స్ ఎస్మే ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. తప్పయిపోయిందన్నాడు. డెల్‌రాయ్‌కి కూడా అదే చెప్పాడు. పై అధికారులకి ఉన్నదున్నట్టు రాసి పంపానని చెప్పాడు. ఆవిడ ఏం చెయ్యమంటే అది చేస్తానన్నాడు.

"మీ అమ్మ ఎలా ఉంది?" అంది ఎస్మే.

"నయం. నిన్నట్నుంచీ ఏమీ తినడం లేదు. వంట పేరెత్తితే ఏడుస్తోంది."

"డెల్‌రాయ్, పొయ్యి వెలిగించు. పెద్దావిడకి గంజి కాచి పంపుదాం. చేప వద్దు" అంది. అని గిట్టెన్స్ వైపు తిరిగింది. ఆవిడ గొంతు పెరగలేదు. "నా కూర ఇసకలో పోయింది, మళ్లీ వండుకుంటా. నువ్వు నా పేరు పోగొట్టావు బాబూ. అది ఓడ రేవు దాకా వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి ఎవరు తెస్తారు?"

అతను టోపీని చేతుల్లో తిప్పాడు.

"ఏం చెయ్యమన్నా చేస్తానన్నావు కదా. అయితే అక్కడ నిలబడు." రోడ్డుకీ పాకకీ మధ్య, జీపు ఆపిన చోటు చూపించింది. "నా కొడుకుని బండెక్కించావే, అక్కడ. ఈ బట్టల్తోనే. దారిన పోయే ప్రతివాడూ ఎందుకు నిలబడ్డావని అడుగుతాడు. నాకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పు. నా బల్లలు నిండేదాకా."

కానిస్టేబుల్ వెరోనా ఏదో అనబోయింది. అతను చేత్తో వారించి వెళ్లి నిలబడ్డాడు.

ఎండ మాడుతోంది. మొదటి టాక్సీ ఆగింది. డ్రైవరు కిటికీ దించి, ఏంటి సార్జెంటూ, ఎవర్ని పట్టుకోవడానికని అడిగాడు. గిట్టెన్స్ చెప్పాడు. ఎస్మే హోటల్లో ఏ తప్పూ లేదని, తప్పు తనదని, చేప తను తెచ్చిందని. మొదటిసారి మాటలు తడబడ్డాయి. డ్రైవరు ఈలవేసి, వెనక కూర్చున్న ఇద్దరు ప్రయాణికుల్ని దింపాడు. తర్వాత ఒక బస్సు. తర్వాత సైకిళ్ల మీద కుర్రాళ్లు. రెండోసారి చెప్పమని అడిగి మరీ విన్నారు, నవ్వడానికి. మళ్లీ చెప్పాడు. ప్రతిసారీ కొత్తగానే సిగ్గేసింది. అలవాటవుతుందనుకున్నాడు, అవలేదు.

వెనకాల నూనె చిటపటలు మొదలయ్యాయి. కుర్చీలు జరుగుతున్న చప్పుడు. జూడిత్ కూడా ఒక బల్ల దగ్గర కూర్చుంది. కత్బర్ట్ చర్చి కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, పెద్ద పళ్లెం తెచ్చుకున్నాడు. జెట్టీ మనుషులొచ్చారు. రేవు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పిల్లలు మర్యాదగా గుడ్ ఆఫ్టర్‌నూన్ అన్నారు.

చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. అతను ఒకసారి వెనక్కి చూశాడు. బల్లలన్నీ నిండాయి. బార్ పక్కన ఒక్క కుర్చీ మిగిలింది. డెల్‌రాయ్ దాని పక్కనే నిలబడి ఇటే చూస్తున్నాడు. రమ్మనలేదు. కుర్చీ తీసి లోపల కూడా పెట్టలేదు.

రోడ్డు మీద ఇంకో టాక్సీ నెమ్మదించింది. గిట్టెన్స్ అటు తిరిగి, మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.